మరచినవేళ స్మరించువాడు

దేహము ధరించిన ప్రతి జీవికిని వ్యాధి తప్పనిది. లోకములో ధనమును పంచుకొనవచ్చును, అన్నమును పంచుకొనవచ్చును, విద్య పంచినకొలదియు పెరుగునని పెద్దలు చెప్పుదురు. కాని ఒకని తలనొప్పినైనను మరియొకడు పంచుకొనజాలడు. కన్నతల్లియైనను బిడ్డ జ్వరమును తన ఒంటిపైకి తెచ్చుకొనలేదు. ఇట్లుండగా, క్యాన్సరు వంటి దారుణవ్యాధికి లోనై నెలల తరబడి చికిత్స పొందుచున్నవానికి స్నేహితుడు ఇయ్యగలిగినదేమి? అతడు వచ్చి ప్రక్కన కూర్చుండుట కేవలము లోకమర్యాదయేనా? లేక మందు చేయలేని పని ఏదైనను అందు కలదా? నేడు ఈ వ్యాధి పేరు వినబడని బంధువర్గము అరుదు. కావున ఈ ప్రశ్న ఆస్తికులైన గృహస్థులందరును విచారింపదగినది.

పూర్వులు మానని కఠినవ్రణములను రాచపుండు, రాచకురుపు అని పిలిచిరి. ఆ పేరు పైకి పలుకుటకే జంకెడివారు. నేడు వైద్యశాస్త్రము ఎంతో ముందుకు సాగినది. శస్త్రచికిత్స, కీమోథెరపీ అను మందుల చికిత్స, రేడియేషను అను కిరణచికిత్స మున్నగు మార్గములు కలవు. వేళకు గుర్తించినచో పెక్కుమంది స్వస్థులై తమ పనులు తాము చేసికొనుచున్నారు. అయినను వైద్యుడు ఆ పేరు చెప్పిన క్షణమున రోగి చెవికి తరువాతి మాట ఏదియు ఎక్కదు.

కురుక్షేత్రమున అర్జునుని అవస్థయు ఇట్టిదే. మహావీరుడైన అతని అవయవములు పట్టుదప్పినవి, నోరు ఎండినది, గాండీవము చేజారినది, నిలువలేక రథముపై కూలబడెను. అప్పుడాతని చెంత నున్నవాడు సఖుడైన శ్రీకృష్ణుడు. స్వామి అర్జునునికి బదులుగా విల్లు పట్టలేదు. యుద్ధమును తప్పింపలేదు. ఇది కష్టమే కాదని బుజ్జగింపలేదు. అట్లని రథము దిగి పోనులేదు. పగ్గములు విడువక, అతడు అడిగిన ప్రతి సందేహమునకును ఓపికతో సమాధానము చెప్పుచు అతనితోనే ఉండెను. విల్లు ఎత్తవలసినవాడు అర్జునుడే. కాని ఆ రథముపై స్వామి లేకున్నచో అతడు విల్లు ఎత్తియుండెడివాడా?

సుహృత్తు అనగా ఎవరు?

శ్రీవిష్ణుసహస్రనామములో స్వామికి వైద్యుడను నామము కలదు. ఔషధము, భేషజము, భిషక్కు అను నామములును కలవు. ఆ సహస్రనామములలోనే సుహృత్తు అను నామమును కలదు. నిత్యపారాయణము చేయువారు ఈ నామములను కలిపి తలచుకొనుట మంచిది. వైద్యుడును స్వామియే, మందును స్వామియే, ప్రక్కన నిలిచిన హితుడును స్వామియే అని దీని భావము. కావున ఆసుపత్రికి పోవుట భక్తికి లోపమని తలచుట పొరపాటు. మ్రొక్కు ఒకటి మ్రొక్కి చికిత్స మానుకొమ్మని బోధించువాడు ఎంత భక్తుడైనను ఆ రోగికి హితుడు కాడు. స్వామి వైద్యుడై వచ్చినప్పుడు తలుపు మూసినవాడు అతడే యగును.

శ్రీభగవద్రామానుజులు గీతాభాష్యములో ఒక సూక్ష్మమును విశదము చేసిరి. సమవయస్కుడై మేలు కోరువాడు మిత్రుడు. వయస్సుతో నిమిత్తము లేక మేలు కోరువాడు సుహృత్తు. ఈ భేదము వ్యాధికాలమున చక్కగా తెలియును. పాఠశాలలో కలిసి చదివిన మిత్రులందరును ఆసుపత్రి వరండాలో కనబడరు. పెద్దగా పరిచయము లేని పొరుగింటి ముదుసలియో, ప్రక్క మంచము మీది యువకుడో సుహృత్తై నిలుచుట కలదు. స్నేహము ఎన్నియేండ్లదని కాక, ఆపదలో ఎంతవరకు తోడువచ్చినదని చూడవలెను.

ఇద్దరు నంబుల కథ

రోగి యెడల స్నేహధర్మము ఎట్లుండవలెనో తెలుపు కథ యొకటి శ్రీవైష్ణవ గురుపరంపరలో ప్రసిద్ధముగా నున్నది. ఆళవందారులని ప్రఖ్యాతి గాంచిన యామునాచార్యులకు రాచపుండు వ్యాధి కలిగెను. అది నేటి వైద్యులు చెప్పు క్యాన్సరేయని అనవలసిన పనిలేదు. దుర్భరమైన బాధ అనుటలో మాత్రము సందేహము లేదు. ఆయన శిష్యుడైన మారనేరి నంబి నాటి సంఘము తక్కువగా చూచిన కులమున పుట్టినవాడు. అతడు ఆ వ్యాధిని ప్రసాదముగా తనకు ఇమ్మని ఆచార్యుని వేడి స్వీకరించెనని పెద్దలు చెప్పుదురు. మారనేరి నంబికి సహాధ్యాయుడు పెరియనంబి, మహాపూర్ణులని పేరు గాంచినవాడు, శ్రీరామానుజులకు ఆచార్యుడు.

మారనేరి నంబికి అవసానకాలము సమీపించెను. తన దేహమునకు అంత్యక్రియలు వైష్ణవోచితముగా పెరియనంబియే జరుపవలెనని అతడు కోరెను. పెరియనంబి ఆ మాట నిలుపుకొనెను. నాటి శ్రీరంగములో అది సామాన్యమైన పని కాదు. కులాచారమును తప్పెనని అందరును ఆయనను వెలివేసినంత పని చేసిరి. శ్రీరామానుజులు, లోకమునకు సమాధానము తెలియవలెనని కాబోలు, ఇట్లేల చేసితిరని ప్రశ్నించిరి. జటాయువునకు శ్రీరాముడును, విదురునకు ధర్మరాజును చేసినదానినే తాను చేసెననియు, తాను శ్రీరామునికంటె అధికుడు కాడనియు, మారనేరి నంబి జటాయువుకంటె తక్కువవాడు కాడనియు ఆ మహనీయుని సమాధాన భావము.

ఈ కథ విన్నవారు సాధారణముగా వ్యాధిని స్వీకరించిన శిష్యునికే కైమోడ్తురు. అది యుక్తమే. కాని ఇందు రెండవవాడొకడు కలడు. అతడు వ్యాధిని తీసికొనలేదు, వ్యాధిగ్రస్తుని విడువనులేదు. మొదటివాని కార్యము మహాత్ములకే చెల్లును. రెండవవాని కార్యము ప్రతి గృహస్థునకును సాధ్యము. బాధను తన మీదికి తీసికొనలేకపోతిమే అని చింతించుచు, ఆ చింతతోనే రోగి యింటికి పోవుట మానుకొనువారు పలువురు కలరు. పెరియనంబి వారికి దారి చూపుచున్నాడు. బాధను తీసికొనుమని ధర్మము ఎవరిని నిర్బంధింపదు. ఉండుమని మాత్రము అడుగును.

పెరియనంబి రోగమునకును వెరవలేదు, లోకమునకును వెరవలేదు. నేడును ఈ రెండు భయములు ఉన్నవి. క్యాన్సరు తాకుటచేతగాని, కలసి భుజించుటచేతగాని అంటుకొను వ్యాధి కాదు. వెలుపలినుండి యంత్రముతో కిరణచికిత్స పొందినవారి దేహమునుండి ఇతరులకు కిరణములు సోకవు. ఇది తెలిసియు రోగికి వేరు గ్లాసు, వేరు పళ్ళెము పెట్టు ఇండ్లు ఉన్నవి. ఆడపిల్ల పెండ్లికి అడ్డమగునని తల్లి వ్యాధిని దాచిపెట్టు కుటుంబములు ఉన్నవి. దేహమునకు పుట్టిన వ్రణముకంటె ఈ వెలి ఎక్కువ బాధించును. దీనిని మాత్రము ఏ మందును మాన్పజాలదు. గుమ్మము దాటి లోనికి వచ్చు మనిషియే మాన్పవలెను.

ముందు నడచినవారి తోడు

ఒక ఉదాహరణమును ఊహింపుడు. ఒక గృహిణి రొమ్ము క్యాన్సరునకు చికిత్స పొందుచున్నది. మూడు వారములకొకసారి మందు ఎక్కించుకొనవలెను. కొన్నియేండ్ల క్రిందట ఇట్టి చికిత్సనే ముగించుకొని, ఇంటిపనియు పూజయు యథావిధిగా చేసికొనుచున్న ఆమె ఒకతె పొరుగింట కలదు. ఇద్దరును ఒకరినొకరు వదినగారూ అని పిలుచుకొనువారు.

ఆ పొరుగామె వచ్చి వేదాంతము చెప్పదు. మందు ఎక్కించిన రాత్రి తనకెట్లుండెనో, ఎన్నవనాటికి లేచి తిరిగెనో చెప్పును. “అందరికీ ఒకేలా ఉండదు వదినగారూ, మీ డాక్టరుగారినే అడగండి” అని కూడ చెప్పును. తాలింపు వాసన తగిలిన కడుపులో త్రిప్పునని ఆమెకు తెలియును. కావున పోపు వేయని మెత్తని పెరుగన్నము పట్టుకొని వచ్చును. నోటిపూత వచ్చినప్పుడు కారము తగిలింపదు. మందు ఎక్కించిన పిదప ఒకటి రెండు వారముల నడుమ తెల్లకణములు తగ్గుననియు, ఆ దినములలో జ్వరము 100.4 డిగ్రీలు చేరినచో అర్ధరాత్రియైనను ఆసుపత్రికి పోవలెననియు ఇంటివారికి గుర్తుచేయును. తనకు జలుబు చేసినచో లోనికి రాక గుమ్మము వెలుపలినుండియే పలుకరించి పోవును. క్షేత్రమునుండి తెచ్చిన తీర్థమును ప్రసాదమును వైద్యుని అడిగిన పిమ్మటనే ఇచ్చును. వలదన్నచో కన్నులకద్దించి పూజామందిరమున ఉంచును. భక్తురాలి క్షేమము కొరకు ప్రసాదము నాలుగు దినములు ఆగినచో స్వామి అలుగడు.

పెక్కు మందులచేత, చికిత్స మొదలైన రెండు మూడు వారములకు తలవెండ్రుకలు రాలిపోవును. ఎన్ని బాధలను ఓర్చిన స్త్రీయైనను దువ్వెనకు కుచ్చుగా వచ్చిన జుట్టును చూచి కన్నీరు పెట్టును. అప్పుడు ఆ స్నేహితురాలు తన జడను ముందుకు వేసి చూపును. “ఇది అప్పట్లో మొత్తం పోయిందే. కొండకు వెళ్ళినప్పుడు మనమే అడిగి మరీ ఇచ్చి వస్తాం కదా. ఇదీ ఆయనకే ఇచ్చాననుకోండి” అని ఒక్క మాట చెప్పును. ఆ మాటలో ఒక ధర్మసూక్ష్మము ఉన్నది. కల్యాణకట్టలో తలనీలములు సమర్పించినవారెవరును దుఃఖింపరు. మ్రొక్కు తీరినదని సంతోషింతురు. పోయినది అదే కేశపాశము. ఇచ్చుట వేరు, పోవుట వేరు. బలవంతముగా పోయినదానిని మనస్సుతో ఇచ్చినదానిగా మార్చుకొనుట రోగికి ఒంటరిగా సాధ్యము కాకపోవచ్చును. అదే దారిన నడచి వచ్చినవారు చేయందించినపుడు సాధ్యమగును. స్నేహితుని వలన కలుగు స్ఫూర్తి అనగా ఇదియే. అది ఉపన్యాసము వలన కలుగదు. తిరిగి మొలచిన జడను చూచుట వలన కలుగును.

ధైర్యము పేరిట భారము వేయరాదు

అయినను ఇచట జాగ్రత్త అవసరము. స్వస్థుడైన స్నేహితుని చూపి, “ఆయన ధైర్యముగా ఉన్నారు కాబట్టి బాగుపడినారు, నీవును అట్లే ఉండుము” అని చెప్పువారు తెలియక ఒక క్రూరకార్యము చేయుచున్నారు. వ్యాధి ఒకే పేరు కలిగియుండినను ఒక్కొక్క దేహమున ఒక్కొక్క రీతిగా ఉండును. అది పుట్టిన స్థానము, వ్యాపించిన మేర, మందునకు లొంగు స్వభావము వేరు వేరు. ధైర్యమున్నచో నయమగునని చెప్పినచో, నయము కానివాడు అధైర్యవంతుడని తేలును. భక్తి ఉన్నచో నయమగునని చెప్పినచో, నయము కానివాడు భక్తిహీనుడని తేలును. అప్పుడు రోగికి వ్యాధిభారమునకు తోడు నిందాభారమును మోయవలసివచ్చును.

పూర్వజన్మపాపమని పలుకువారును కలరు. ఆళవందారులకు వ్యాధి వచ్చినది. ఆయన భక్తికి ఏమి కొదువ? శ్రీరామకృష్ణ పరమహంస గొంతు క్యాన్సరుతో బాధపడి 1886లో దేహము చాలించిరి. ఆయన తపస్సుకు ఏమి లోపము? కర్మసిద్ధాంతము ఎవరికి వారు తమ నడవడిని దిద్దుకొనుటకు పెద్దలు ఇచ్చిన దీపము. మంచము మీద ఉన్నవాని ముఖముపై దానిని ఎత్తి పట్టుట ధర్మము కాదు. అట్లే నొప్పిని ఓర్చుకొనుటయే తపస్సని తలచి ఉపశమనమునకిచ్చు మందును నిరాకరింపుమని చెప్పరాదు. నొప్పి తగ్గినవాడు రెండు మాటలు మాటాడును, ఒక నామము తలచును, కాసేపు నిద్రించును. ఇవియన్నియు భగవదనుగ్రహములే.

సుహృత్తైనవాడు రోగి భయమును తప్పుపట్టడు. కన్నీరు వచ్చినచో రానిచ్చును. అర్జునుని విషాదమునకు గీతలో ఒక అధ్యాయమంత చోటు కలదు. అతడు తన దుఃఖమునంతయు చెప్పి ముగించువరకును స్వామి మాటకు అడ్డుపడలేదు.

శ్రీవరాహస్వామి మాట

చికిత్సకాలమున కొన్ని దినములు నామస్మరణమునకైనను శక్తి చాలదు. ఏండ్ల తరబడి సహస్రనామము కంఠస్థముగా చదివిన భక్తురాలికి పది నామములైన పిమ్మట పదకొండవది తోచదు. ఈ మందుల కాలములో జ్ఞాపకము మందగించుట కలదని వైద్యులును చెప్పుదురు. దేహబాధకంటె ఇది ఆమెను ఎక్కువ కలవరపెట్టును. స్వామిని మరచిపోయితినే, ఇక స్వామి నన్ను తలచునా అను శంక పుట్టును. ఆస్తికుల గృహములలో ఈ వ్యాధి పెట్టు కఠినపరీక్ష ఇదియే. దీనిని గూర్చి పైకి చెప్పుకొనువారు తక్కువ.

ఈ శంకకు శ్రీవైష్ణవ సంప్రదాయము ఎన్నడో సమాధానము చూపినది. పెద్దలు చరమశ్లోకములుగా ఆదరించు మూడింటిలో ఒకటి శ్రీవరాహస్వామి భూదేవికి ఇచ్చిన మాట. మనస్సు, దేహము స్వస్థముగా ఉన్నకాలమున తన్ను తలచిన భక్తుడు, తుదకు కట్టెవలె, రాతివలె పడియుండి తలపలేకపోయినను, తానే అతనిని తలచి ఉత్తమగతికి చేర్చుదునని స్వామి అభయమిచ్చెను. అనగా స్మరణభారము ఎల్లకాలము జీవునిదే కాదు. శక్తి ఉడిగిననాడు ఆ భారమును స్వామి తనపై వేసికొనును. తిరుమల ఆదివరాహక్షేత్రము. పుష్కరిణీతీరమున వరాహస్వామిని ముందుగా సేవించి, పిదప శ్రీనివాసుని దర్శించుట యాత్రికులకు ఆచారము. ఆ సన్నిధిలో చేతులు మోడ్చు ప్రతి భక్తుడును ఈ అభయమును జ్ఞప్తికి తెచ్చుకొనదగును.

స్వామి ఇచ్చిన ఈ మాటనే మిత్రుడు మనుష్యరూపమున కొంత నెరవేర్చుచున్నాడు. రోగి చదువలేని దినమున మంచము ప్రక్కన కూర్చుండి మెల్లగా తాను సహస్రనామము చదువును. రోగి వినినను సరియే, కన్నుమూసి నిద్రించినను సరియే. అంతకంటె ముఖ్యమైన స్మరణము మరియొకటి కలదు. ఆసుపత్రిలో మనిషికి ఒక సంఖ్య మిగులును, ఒక వ్యాధి పేరు మిగులును. ఇంటిలోనివారు సైతము భయముచే ఎల్లవేళల వ్యాధి మాటయే మాటాడుదురు. ఆమె యెవరో మిత్రురాలు మరువదు. ధనుర్మాసమున తెల్లవారుజామున తిరుప్పావై గోష్ఠిని నడపినది ఈమెయే. వాకిట ముగ్గులకు వీధియంతయు నిలిచి చూచినది ఈమె ముగ్గులనే. కావున ఆమె, “ఈసారి పొంగలి పాళ్ళు మీరే చెప్పాలి వదినగారూ, నేను వేస్తే నెయ్యి చాలదంటారు” అని అడుగును. మంచము మీది మనిషి ముఖమున వెలుగు వచ్చును. ఆ నిమిషమున ఆమె రోగి కాదు. పొంగలి పాళ్ళు తెలిసిన పెద్ద. ఔషధము దేహములోని వ్యాధిని వెదకును. స్నేహము వ్యాధి మాటున దాగిన మనిషిని వెదకును. మందు చేయలేని పని ఏదైనను కలదా అను ప్రశ్నకు ఇదియే సమాధానము.

నయము కానివేళ

అన్ని చికిత్సలును ఫలింపవు. అప్పుడు స్నేహితుని స్ఫూర్తి వ్యర్థమైనట్లా? నేలకొరిగిన జటాయువును చూచిన శ్రీరాముడు అతనిని అక్కున చేర్చుకొనెను. అతని మాట వినెను. తండ్రికి చేసినట్లు అంత్యక్రియలు చేసెను. జటాయువు బ్రదుకలేదు. ఆ స్నేహము ఓడిపోయినదని మాత్రము ఎవరును అనలేదు. స్నేహమునకు గెలుపు రోగము పోవుటలో లేదు. మనిషి ఒంటరి కాకుండుటలో ఉన్నది.

మరణముతోను స్మరణము ఆగదు. సోదరిని క్యాన్సరు వలన కోల్పోయిన డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి పట్టుదల వలన 1954లో మద్రాసు అడయారులో క్యాన్సరు ఆసుపత్రి వెలసినది. ఇట్టి వ్యాధితోనే 1985లో కన్నుమూసిన బసవతారకముగారి పేరిట 2000 సంవత్సరమున హైదరాబాదులో మరియొక ఆసుపత్రి ప్రారంభమైనది. తమవారిని మరువనివారి తలపే పరులకు నీడయైనది.

అలిపిరినుండి తిరుమలకు 3550 మెట్లు. ఎక్కువారి బదులు ఎవరును ఎక్కలేరు. ఎవరి మెట్లు వారివే. మోకాళ్ళ పర్వతము చేరునప్పటికి బలవంతునికైనను ఊపిరి అందదు. గోవిందా అని పలుకబోయిన నోట మాట రాదు. అప్పుడు ప్రక్కవాడెవడో, పేరైనను తెలియనివాడు, గోవిందా అని ఎలుగెత్తి పలుకును. దిగివచ్చువాడొకడు ఇంక కొంచెమే యని చేయి చూపును. వినినవాని కాలు తనంతట తానే పై మెట్టునకు లేచును. పలికినది ఒకడు, ఎక్కినది మరియొకడు; నామము ఒక్కటే. చికిత్సామార్గమున స్నేహితుని పని ఇంతే, ఇంత గొప్పది. ప్రతి యూరిలోను, ప్రతి వీధిలోను ఈ మెట్లు ఎక్కుచున్నవారు ఎవరో ఒకరు కలరు. క్షేత్రయాత్ర చేసి వచ్చిన భక్తుడు ఆ ఇంటి గుమ్మము తొక్కినచో యాత్రాఫలము పూర్ణమగును.

ఆశ్రితులను మరువని శ్రీవరాహ శ్రీనివాసులు వ్యాధిపీడితులకు ఆరోగ్యమును, వారి చెంత నిలుచు సుహృత్తులకు ఓపికను అనుగ్రహింతురుగాక!